కప్పు ఎవరి పేరున

నందిగామ,
2024 జూలై 14, ఆదివారం

ప్రేమా,

ఫోన్ చేశావట. రూబెన్ మాస్టారు పలక మీద రాసి చూపించాడు. పడమటి వాటాలో అద్దెకున్నవాడి చేత అక్కకి కబురు చెప్పించటానికి నీకు మొహమాటం లేదు కానీ, ఉత్తరం రాయటానికి మాత్రం చెయ్యి రాదు. ఫోన్లో నాకు మాట వినపడదు. చెవి మిషను పెట్టుకుంటే ఈల వినిపిస్తుంది. డెబ్భై రెండేళ్ళ దాన్ని, ఆ ఈల వింటూ తల ఊపలేను. కాబట్టి నాతో మాట్లాడాలంటే కాగితం, కలం పట్టుకో.

నా ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు జిరాక్సులు పంపమన్నావని రాశాడు. మే నెలలో నేను చర్చి స్త్రీల సభలకి గుంటూరు వెళ్ళినప్పుడు మూడు రోజులు ఇల్లు కనిపెట్టుకుని ఉన్నావు కదా, అప్పుడే ఒక జత తీసుకున్నావు. మళ్ళీ ఎందుకు?

కూరగాయల బసవయ్య ఇంకొక వింత చెప్పాడు. వాడి గొంతు పెద్దది కాబట్టి నాకు వినపడుతుంది. "మీ తమ్ముడు జగ్గయ్యపేటలో చక్రాల మీద ఇల్లు కడతన్నాడంటండి, పైన సోలారు కూడానంట" అన్నాడు. బజారంతా నవ్వింది. నేనూ నవ్వాను కానీ, నాకు తెలియని సంగతి బసవయ్యకి తెలియటం బాగాలేదు.

మొన్నటి వానకి వంటింట్లో కప్పు కారుతోంది. పోయినేడు చుక్క కారలేదు.

ఫ్లోరెన్స్ నడుము నొప్పి తగ్గిందా? అడిగానని చెప్పు. చెప్పకపోయినా పరవాలేదు, నా మాట ఆవిడకి ఎప్పుడు పడింది కనుక.

అక్క

*

జగ్గయ్యపేట,
జూలై 22

అక్కా,

నీ ఉత్తరం నిండా ప్రశ్నలే. రిటైరై ఇన్నేళ్ళయినా హెడ్మిస్ట్రెస్ గారు ప్రశ్నపత్రాలు తయారుచెయ్యటం మానలేదు.

బండి సంగతి నిజమే. ముక్త్యాల సిమెంటు లారీలకి ముప్పై ఐదేళ్ళు వైరింగు చేసినవాడిని, నాకంటూ ఒక బండి ఉండకూడదా? పాత ట్రైలరు చట్రం తుక్కు ధరకి దొరికింది. దాని మీద పద్దెనిమిది అడుగుల పొడుగున గది కట్టాను. మంచం, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, మూలకి మరుగుదొడ్డి. జీపుకి తగిలించి లాగితే వస్తుంది. పైన నాలుగు సోలార్ ప్యానెళ్ళు, మంచం కింద బ్యాటరీలు, ఇన్వర్టరు. ఎండ ఉంటే చాలు, ఎక్కడ ఆపినా ఫ్యాను తిరుగుతుంది. ఫ్లోరెన్స్‌ని తీసుకుని సూర్యలంక, అరకు తిరిగి వద్దామని.

ఇదంతా యూట్యూబులో అమెరికా ముసలి మొగుడూ పెళ్ళాల్ని చూసి నేర్చుకున్నాను. వాళ్ళ దేశంలో బండిలో మంచం, వంటిల్లు, మరుగుదొడ్డి ఉంటే దాన్ని కూడా ఇల్లనే అంటారట. పైన సోలార్ పెట్టుకుంటే టాక్సులో తగ్గింపు కూడా ఉందట. మన దగ్గర ఆ ముచ్చట లేదు. సబ్సిడీ కావాలంటే ఇంటి కప్పు ఉండాలి, ఆ ఇంటికి కరెంటు సర్వీసు నంబరు ఉండాలి. బండి కప్పుకి ఏమీ రాదని ప్యానెళ్ళ డీలరు నరేంద్ర ముందే చెప్పాడు.

కాగితాలు ఊరికే అడిగాను. ఏ ఇంట్లో ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో చూసుకుంటే బ్యాటరీల లెక్క తెలుస్తుందని. ఇవ్వకపోయినా పరవాలేదు.

మన ఇంటి కాంక్రీటు పాతదైపోయింది. ఆ నాలుగు చోట్లా తారు పూయించు, ఆగిపోతుంది.

ఫ్లోరెన్స్ బాగానే ఉంది. మంచం దిగొద్దని డాక్టరు చెప్పాడు, అంతే.

ప్రేమానందం

*

నందిగామ,
ఆగస్టు 3

ప్రేమానందానికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

వంటింట్లో కప్పు కారుతోందని రాశాను. నాలుగు చోట్లని నేను రాయలేదు. నిన్న రూబెన్‌ని పైకెక్కించి చూపించాను. అవును, సరిగ్గా నాలుగే ఉన్నాయి. ఎవరో కొలిచి కొట్టినట్టు చదరంగా ఉన్నాయట. నందిగామలో నా నెత్తి మీద ఎన్ని బొక్కలున్నాయో జగ్గయ్యపేటలో కూర్చున్న నీకెలా తెలుసు?

రెండోది, "మన ఇల్లు" అని రాశావు. స్థలం నాన్నది, ఒప్పుకుంటాను. ఇల్లు నా జీతం మీద అప్పు తెచ్చి కట్టింది. బ్యాంకు వాళ్ళు అడిగారని నీ హక్కు వదులుకుంటూ నువ్వే సంతకం చేశావు. ఇరవై ఆరేళ్ళయింది. ఇప్పుడు నా పన్ను రసీదులూ, బిల్లులూ జతలు జతలుగా నీకెందుకు? పంపకాల మాట ఉంటే మొహం మీద అడుగు. దొంగచాటుగా కాగితాలు పోగుచెయ్యకు.

మూడోది ముఖ్యం. కిందటేడు కంటి ఆపరేషనుకి విజయవాడ వెళ్తూ మూడు తెల్లకాగితాల మీద సంతకం పెట్టి నీకిచ్చాను, పెన్షను ఆఫీసులో అవసరం పడితే రాసుకోమని. బడిలో ఉన్నన్నాళ్ళూ నా పద్ధతి అదే. నేను సెలవు పెడితే పని ఆగకూడదని గుమాస్తాకి అలా సంతకాలు పెట్టి ఇచ్చి వెళ్ళేదాన్ని. ఏనాడూ తేడా రాలేదు. ఆ మూడూ నాకు వెనక్కి పంపు. రిజిస్టరు పోస్టులో పంపు.

రత్నమణి

*

జగ్గయ్యపేట,
ఆగస్టు 12

రత్నమణి టీచరు గారికి,

తమ్ముణ్ణి దొంగ అన్నందుకు సంతోషం. రెండు కాగితాలు జతచేశాను, చూసుకోండి. మూడోది ఎలకలు కొట్టేశాయి.

నేనూ ఒక ప్రశ్న అడుగుతాను. మీకు ఉత్తరాలు తెచ్చిచ్చేది రూబెన్. ఫోనెత్తేది రూబెన్. కప్పెక్కి బొక్కలు లెక్కపెట్టేది కూడా రూబెన్. పిల్లల్లేని మనిషి ఇంట్లో పెళ్ళికాని మాస్టారు ఇంత సేవ ఎందుకు చేస్తున్నాడో మీకు అనుమానం రాలేదా? ఆ అనుమానమంతా నాకోసం దాచిపెట్టారా? మీ చేత వాడు ఏమేం రాయిస్తున్నాడో ఆ దేవుడికి తెలియాలి. నేను పంచుకోవటానికి వచ్చేవాడినే అయితే ఇరవై ఆరేళ్ళు ఆగేవాడిని కాదు.

ప్రేమానందం

*

నందిగామ,
సెప్టెంబరు 20

ప్రేమానందం గారికి,

ఇక మీకు రాయకూడదనుకున్నాను. ఈ రోజు రాయక తప్పలేదు.

పొద్దున పదింటికి కరెంటు ఆఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చింది. పేరు ఆమని, ఇంజనీరు. నాకు వినపడదని తెలిసి తన దగ్గరున్న కాగితం వెనకాల ప్రశ్నలు రాసింది. ఆ కాగితం నా దగ్గరే ఉంది.

"మీ ఇంటి మీద సోలార్ ఎక్కడుందండీ?" ఇది మొదటిది.

నేను నవ్వాను. "మా ఇంటి మీద నీళ్ళ ట్యాంకు, ఎండు మిరపకాయలు ఉన్నాయమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వలేదు. ఫైలు తీసింది. నా పేరు, నా సర్వీసు నంబరు, నా పన్ను రసీదు, బిల్లు, అన్నీ ఉన్నాయి. నా కప్పు మీద నాలుగు ప్యానెళ్ళు ఇనప కాళ్ళ మీద నిలబడి ఉన్న ఫోటో ఉంది, పక్కన నా నీళ్ళ ట్యాంకు కూడా పడింది. ఫోటో తేదీ మే నెలలో నేను గుంటూరు సభల్లో పాటలు పాడుతున్న రోజు. కింద సబ్సిడీ ఇప్పించమని అర్జీ ఉంది. అర్జీ కింద నా సంతకం.

మీ ఇంటి ఎలకలు చాలా చదువుకున్నవి. అర్జీ రాయటం కూడా వచ్చు.

"ఈ సంతకం మీదేనా?" అని రాసింది ఆ అమ్మాయి. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి కాపీ కొట్టొద్దని చెప్పినదాన్ని నేను. కళ్ళజోడు కనపడటం లేదని అబద్ధమాడాను. కళ్ళజోడు నా ముక్కు మీదే ఉంది. ఆ అమ్మాయి దాన్ని చూస్తూనే మళ్ళీ కలం తీసుకుంది. డబ్బు ఇంకా మంజూరు కాలేదట, నెలాఖరులోగా ఆఫీసుకొచ్చి చెప్పమని రాసి వెళ్ళింది. సంతకం నాది కాదంటే పోలీసు కేసు. నాదంటే మోసం చేసింది నేను.

పంపకాలనుకుని భయపడ్డాను. ఇది అంతకన్నా చిన్నది, అంతకన్నా సిగ్గుచేటు. ఏ మొహం పెట్టుకుని ఈ పని చేశారో రాయండి.

రత్నమణి

*

జగ్గయ్యపేట,
సెప్టెంబరు 23

అక్కా,

తప్పు నాదే. కొరియర్లో పంపుతున్నాను, త్వరగా అందుతుందని.

"ఇల్లొకటి చూపియ్యండి, పలకలు బండి మీద పెట్టుకోండి, ఎవరొచ్చి చూత్తారు?" అన్నాడు నరేంద్ర. సబ్సిడీ డబ్బు తనకి వచ్చేట్టు, అది ముందే తగ్గించి నాకు ధర కట్టాడు. మొదటి జత జిరాక్సులు మసకగా ఉన్నాయని అతనంటేనే జూలైలో ఇంకొక జత అడిగాను. మూడు రోజులు నీ కప్పు మీద నిలబెట్టి, ఫోటో తీసి, విప్పేశాం. రూబెన్ వేసవి సెలవులకి ఊరెళ్ళి ఉన్నాడు. బోల్టుల బొక్కలు సిమెంటుతో పూడ్చాననే అనుకున్నాను.

నెలాఖరుకి ఇంకా వారం ఉంది. ఒక్కరోజు ప్యానెళ్ళు తెచ్చి నీ కప్పు మీద పెడతాను. ఆ అమ్మాయి మళ్ళీ వచ్చి చూసి వెళ్ళిపోతుంది. అది ఇష్టం లేకపోతే సంతకం నాది కాదని చెప్పు. కేసు నేను చూసుకుంటాను.

ప్రేమ

*

నందిగామ,
సెప్టెంబరు 25

ప్రేమానందానికి,

ఒక్కరోజు! ఆ అమ్మాయి వెళ్ళాక మళ్ళీ విప్పుకెళ్తావు, మళ్ళీ నాలుగు బొక్కలు. నీకు సిగ్గు లేదు సరే, నా కప్పుకైనా అన్ని చిల్లులు పట్టవు.

నాకు ఒకటే అర్థం కావటం లేదు. అరకు చూడటానికి ఎవరైనా ఇంతపని చేస్తారా? బస్సు లేదా, రైలు లేదా? అంతగా కావాలంటే మీ ఇంటి ఓనరు వీరరాఘవయ్య గారి కప్పే చూపించవచ్చు కదా. నా కప్పే ఎందుకు? నువ్వు ఇంకా ఏదో దాస్తున్నావు. నీ చిన్నప్పటి నుంచి నీ అబద్ధం నాకు తెలుసు, సగం చెప్పి ఆపుతావు. మిగతా సగం రాయి. రాయకపోతే సోమవారం ఆఫీసుకెళ్ళి నాకు తోచింది చెప్తాను.

రత్నమణి

*

జగ్గయ్యపేట,
సెప్టెంబరు 27

అక్కా,

మిగతా సగం ఇది.

ఫ్లోరెన్స్‌కి నడుము నొప్పి కాదు. కిందటి క్రిస్మస్ ముందు పక్షవాతం వచ్చింది. కుడివైపు పూర్తిగా పడిపోయింది. మాట తెలుస్తుంది, నెమ్మదిగా మాట్లాడుతుంది. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. మే నెలలో నీ ఇంట్లో ఉన్న మూడు రోజులూ తనని పక్కింటావిడకి అప్పగించి వచ్చాను. ఒళ్ళు పుండ్లు పడకుండా గాలి పరుపు మీద పడుకోబెట్టాలి. ఆ పరుపుకి చిన్న పంపు ఉంటుంది, అది ఎప్పుడూ ఆడుతూనే ఉండాలి. కరెంటు పోతే పరుపు దిగిపోతుంది. సోలార్ అందుకు అక్కా, అరకు కోసం కాదు.

వీరరాఘవయ్య గారు ఇల్లు పడగొట్టి కాంప్లెక్సు కడుతున్నారు. క్రిస్మస్ లోపు ఖాళీ చెయ్యమన్నారు. ఆయన తప్పేమీ లేదు, ఏడాది టైమిచ్చారు. జగ్గయ్యపేటలో పద్దెనిమిది ఇళ్ళు చూశాను. అద్దె కుదురుతుంది, అడ్వాన్సు కుదురుతుంది, చివర్లో "ఇంట్లో ఎంతమందండీ?" అని అడుగుతారు. మంచాన ఉన్న మనిషి అనగానే మొహాలు మారిపోతాయి. "ఏవనుకోమాకండి, రేపేదన్నా అయితే ఇల్లు ఆర్నెల్లు మూసిపెట్టాల్సొచ్చిద్ది" అని ఒకాయన ఫ్లోరెన్స్ వింటుండగానే అన్నాడు. మన చర్చివాళ్ళ ఇళ్ళూ చూశాను. మంత్రాలూ శాంతులూ లేనివాళ్ళు కూడా ఏదో ఒక సాకు చెప్పారు.

బండి టూర్లకి కాదు. మేమిద్దరం అందులో ఉండటానికి. కీసర దగ్గర హైవే పక్కన ఒక హోటలాయన ఖాళీ స్థలంలో నిలుపుకోమన్నాడు.

నీ కప్పే ఎందుకని అడిగావు. నా పేరున కప్పు లేదు కాబట్టి. అరవై నాలుగేళ్ళొచ్చాయి, నా పేరున ఒక సర్వీసు నంబరు లేదు. పడమటి వాటా నాకు రాసిస్తానని నాన్న సమాధి దగ్గర నువ్వు అన్నావు. బ్యాంకు అప్పు తీరాక రాస్తానన్నావు. అప్పు తీరి పదిహేనేళ్ళయింది. నేను ఒక్కసారైనా అడిగానా? గృహప్రవేశం రోజున గేటు మీద నీ ఒక్కదాని పేరే చూసి ఫ్లోరెన్స్ "ఈయన పేరు లేదేంటి వదినా?" అంటే, "అప్పు తీర్చేవాళ్ళ పేరే ఉంటుంది" అన్నావు నువ్వు, అందరి ముందూ. అప్పటి నుంచి నిన్ను ఏదీ అడగకూడదని తను అంటుంది, నేను వింటాను.

అడగటం చేతకాక దొంగతనం చేశాను. అది తప్పే. సోమవారం నీకు తోచింది చెప్పు.

ప్రేమ

*

నందిగామ,
అక్టోబరు 6

ప్రేమా,

సోమవారం ఆఫీసుకెళ్ళాను. కళ్ళజోడు తుడుచుకుని మరీ వెళ్ళాను.

సంతకం నాదేనని రాసిచ్చాను. నేను సంతకం పెట్టేటప్పటికి ఆ కాగితం మీద ఒక్క అక్షరం కూడా లేదని రాసిచ్చాను. ఎవరు నింపారని అడిగితే నీ పేరు రాశాను. నిన్ను కాపాడాలని ఉంది, కానీ ఇంకొక అబద్ధం నా చేత కాలేదు. మంజూరు కాలేదు కాబట్టి అర్జీ రద్దు చేస్తామంది ఆమని. నువ్వు కూడా వెళ్ళి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. పై ఆఫీసరు ఏమంటారో తను చెప్పలేనంది. నరేంద్ర సంగతి వేరే విచారిస్తారట. చివర్లో ఆ అమ్మాయి, "తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టమాకండి మేడమ్" అని పెద్ద అక్షరాలతో రాసింది. నా శిష్యురాలి వయసు కూడా లేదు. తల దించుకుని బయటకొచ్చాను.

ఇప్పుడు నేను దాచిన సగం.

నువ్వు రసీదులు అడగ్గానే పంపకాల కోసమే అని నాకు ఎందుకు అనిపించిందో తెలుసా? నీకు బాకీ ఉన్నానని నాకు తెలుసు కాబట్టి. పదిహేనేళ్ళుగా రోజూ తెలుసు. పడమటి వాటాకి అద్దె వస్తుంటే తీసుకున్నాను. నువ్వు అడగలేదు కదా, మర్చిపోయావేమో అని నాకు నేను చెప్పుకున్నాను. నువ్వు "మన ఇల్లు" అని రాస్తే ఒళ్ళు మండింది. నిజం చెప్తే ఎవరికైనా మండుతుంది. దొంగ అని నిన్ను అన్నాను. నీకన్నా ముందు మొదలుపెట్టింది నేను.

రూబెన్‌కి అంతా చెప్పాను. వీరులపాడులో బడి పక్కనే ఇల్లు చూసుకున్నాడు, వచ్చే నెల వెళ్తాడు. నువ్వు రాసింది మాత్రం వాడికి చెప్పలేదు.

పడమటి వాటా దస్తావేజు రాయించాను. చిత్తు కాపీ పంపుతున్నాను. నీ పేరున కాదు. నీ పేరున రాస్తే రోషానికి వద్దంటావు. ఫ్లోరెన్స్ పేరున రాయించాను. రిజిస్ట్రేషనుకి ఆవిడ వేలిముద్ర కావాలి, ఎడమచేతిది చాలట. ఆవిడతో నేను అన్న మాట నాకు గుర్తుంది. తప్పు మాట అన్నాను. ఈ వాక్యం ఆవిడకి చదివి వినిపించు.

మీరు వస్తారా?

అక్క

*

జగ్గయ్యపేట,
నవంబరు 10

అక్కా,

ఆఫీసుకెళ్ళి ఒప్పుకుని సంతకం చేశాను. హెచ్చరించి వదిలేశారు. ప్యానెళ్ళు రెండు నరేంద్రకి తిరిగి ఇచ్చేసి, రెండింటికి పూర్తి ధర కట్టాను. పంపుకి, ఫ్యానుకి రెండు చాలు. రూబెన్ మాస్టారి గురించి నేను రాసింది తప్పు. ఆయనకి చెప్పకపోవటమే మంచిదయింది.

నీ ఉత్తరం ఫ్లోరెన్స్‌కి చదివి వినిపించాను. తప్పు మాట అన్నానని నువ్వు రాసిన చోట ఆపి, మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. ఏడ్చింది. తర్వాత దస్తావేజు చదవమంది. మొదటి నుంచి చివరిదాకా చదివాను. నెమ్మదిగా, "బాగా చూసావా? ఇందులో ఇంకేవన్నా ఉందేమో" అంది.

అలా అనకూడదని కోప్పడ్డాను. కానీ అక్కా, తను నిద్రపోయాక నేను కూడా ఇంకొకసారి చదివాను. నీకు అబద్ధం చెప్పదలచుకోలేదు. నువ్వు మంచిదానివనీ తెలుసు, నిజమే రాశావనీ తెలుసు. అయినా లోపల ఒక మూల ఇది నువ్వు కరెంటు ఆఫీసు భయంతో రాశావేమో అనిపిస్తూనే ఉంది. నా చేతుల్లో నీ సంతకం ఏమైందో నీకు తెలుసు, నా మీద నీకూ ఏదో మూల అలాగే ఉంటుంది. మనిద్దరికీ ఇది ఒక్క ఉత్తరంతో పోయేది కాదు.

అందుకని ఇలా అనుకున్నాం. బుధవారం పొద్దున బండి తెస్తున్నాను. పడమటి గోడ పక్కన సందులో నిలుపుతాను. ఫ్లోరెన్స్ అందులోనే ఉంటుంది. ప్యానెళ్ళ కరెంటు సరిపోతుంది, నీ ఇంటి నుంచి వైరు లాగం. వాటా తాళాలు నీ దగ్గరే ఉంచు. నువ్వు రోజూ సాయంత్రం వచ్చి ఆమె పక్కన కూర్చో. తన మాట నీకు వినపడదు, తను కుడిచేత్తో రాయలేదు. ఎడమచేత్తో రాయటం నేర్చుకుంటోంది, నువ్వు కూర్చుని దిద్దించు. నీకు అలవాటైన పనే.

తాళాలు ఎప్పుడు కావాలో తనే అడుగుతుందట. ఇన్నేళ్ళలో నిన్ను ఒకటి అడుగుతానని తను అనటం ఇదే మొదటిసారి. ఎన్నాళ్ళు పడుతుందో నాకు తెలియదు. నువ్వు తొందరపెట్టకు.

ప్రేమ